ఆలస్యంగా వస్తున్న పాట

జూన్ 3, మంగళవారం

ఈ రోజు ఆయన నోటి వెంట మాట వచ్చింది. మాట అంటే మాట కాదు, పాట పేరు. రాసుకోకపోతే రేపటికి నేనే కలగన్నాననుకుంటాను. అందుకే అమ్మాయి పనిచేసే మందుల షాపులో ఊరికే ఇచ్చిన ఈ డైరీ తీశాను. ఇన్నాళ్ళూ ఇందులో మాత్రల వేళలు తప్ప ఇంకేమీ రాయలేదు.

బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఆయన చొక్కా ఒకటి గాలికి లేచి దండెం మీద తిరగబడింది. అలవాటు కొద్దీ "గాలికెగిరే గళ్ళ చొక్కా" అన్నాను, అది పాట పేరు కదా. తర్వాత క్లిప్పుల్ని తిట్టాను, పావురాలను తిట్టాను, పై వాటా వాళ్ళ నీళ్ళ కుండీని తిట్టాను. బుట్ట ఖాళీ చేసి లోపలికొచ్చి టీ పెడదామని గిన్నె తీస్తుంటే వెనకనుంచి వినిపించింది.

"చొక్కా జేబులో చందమామ."

గిన్నె చేతిలోంచి జారిపోయింది. పక్షవాతం వచ్చి కొట్లో కుప్పకూలిన రోజు నుంచీ ఆయన నోట "ఊఁ" తప్ప మరో శబ్దం లేదు. ఇప్పుడు పాట పేరు, అదీ చక్కగా, సగం పాడినట్టు. పైగా చొక్కాకి చొక్కా కలిసింది!

రేపు ఆసుపత్రిలో మాటల టీచరుకి చెప్పాలి. ఆవిడకి మా ఆట తెలియదు. ఎలా చెప్పాలో ఇక్కడ ఒకసారి రాసి చూసుకుంటాను.

మా ఆయనది పాటల కొట్టు. క్యాసెట్లు నింపిచ్చే రోజుల్లో జనం చీటీ మీద పాటలు రాసి తెచ్చేవాళ్ళు. మిగతా కొట్లవాళ్ళు రాసినవి రాసినట్టు నింపిచ్చేవాళ్ళు. ఈయన మాత్రం వరస మార్చి, ప్రతి పాట పేరులోని ఒక మాట తర్వాతి పాట పేరులో ఉండేలా అల్లేవారు. ఆఖరి పాట మళ్ళీ మొదటి పాటకి కలవాలి. దానికి గొలుసు టేపు అని పేరు. తర్వాత క్యాసెట్లు పోయినా ఇంట్లో గొలుసు పోలేదు. ఒకరు పాట పేరు చెప్తే, అందులో మాట ఉన్న ఇంకో పాట రెండోవాళ్ళు చెప్పాలి. అయిపోయిన పాటకి జవాబు చెల్లదు. "నువ్వు", "నేను", "మనసు" అసలు చెల్లవు, ఎందుకంటే అవి లేని పాట ఉండదు, వాటితో ఎవడైనా గెలుస్తాడు. "నువ్వే నేనంట నేనే మనసంట" అని ఒక పాట ఉంది. ఎవరు ఎంత బతిమాలినా ఆయన దాన్ని గొలుసులో వేసేవారు కాదు. దీని తర్వాత ఏ పాటా రాదమ్మా అని చీటీలోంచి కొట్టేసేవారు.

ఇది చాలనుకుంటా. టీచరు తప్పకుండా ఒప్పుకుంటుంది.


జూన్ 4

ఒప్పుకోలేదు.

చిన్నపిల్ల. కానీ పని తెలిసిన పిల్ల, గొంతు పెంచదు. అంతా విని, "పాటలు మెదడులో వేరే చోట ఉంటాయండీ. మాట పోయినా పాట మిగులుతుంది. ఒక్కోసారి అదే జారి బయటికొస్తుంది. దాన్ని అర్థం చేసుకోవడం అనలేం" అంది.

"మరి చొక్కాకి చొక్కా ఎలా కలిసిందమ్మా?"

"ఒకసారి కలిసింది. మళ్ళీ మళ్ళీ కలిస్తే అప్పుడు నమ్ముతాను. మీ పాట విని, అందులో మాట పట్టుకుని, వెతికి ఇంకోటి చెప్తే అది నిజంగా పెద్ద విషయమే."

ఇంకో సంగతీ చెప్పింది. ఇరవై ఏడున పెద్ద డాక్టరమ్మ చూస్తారట. మనం చెప్పేది ఆయనకి అర్థమవుతోందని ఆ రోజు తేలాలి. తేలకపోతే పాఠాలు ఆగిపోతాయి, ఆ కుర్చీ ఇంకొకరికి వెళ్తుంది. ఎదురు చూసేవాళ్ళు చాలామంది ఉన్నారట.

అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. "అమ్మా, పాఠాలు ఆపేస్తే మాత్రం నాన్నని ఆ సంరక్షణ కేంద్రంలో చేర్పిద్దాం. నువ్వు డ్యూటీకి వెళ్తే గంటలు గంటలు ఒక్కరే కూర్చుంటున్నారు. ఏం జరుగుతోందో ఆయనకి తెలియనప్పుడు ఎక్కడుంటే ఏముంది?"

తెలియనప్పుడు అంటోంది. వాళ్ళ నాన్న ఉన్నాడో లేడో దానికి నేను నిరూపించి చూపించాలన్నమాట.

చూపిస్తాను. నేను మొండిఘటాన్ని, ఆ మాట ఆయనే అనేవారు.


జూన్ 5

ఏమీ లేదు. ఊఁ కూడా లేదు. అలసిపోయి ఉంటారు.


జూన్ 8, ఆదివారం

సెలవు. పొద్దున్నే స్నానం చేయించి, గడ్డం గీసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడ్డాను. బస్సుల వేళలు చెప్పడానికి బస్టాండులో మైకు ముందు ఎలా నిలబడతానో అలా. ఆయన నన్ను మైకు అని పిలిచేది ఉత్తినే కాదు.

"కిటికీ పక్కన ఖాళీ కుర్చీ" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. పోనీ కష్టమైంది ఇచ్చానేమో అని "తెల్ల గుర్రం తెచ్చాను లేవే" అన్నాను. గుర్రం పాటలు బోలెడు. లేదు. "వంతెన మీద వాన" అన్నాను. "దీపం ఆర్పకు దొరసానీ" అన్నాను. అప్పుడు పెదవులు కదిలాయి.

"కిటికీ మూయకే చిలకా."

దీపం అడిగితే కిటికీ. కిటికీ ఎప్పుడో అయిపోయింది. అయిపోయిన పాటకి జవాబు చెల్లదు, ఆయన పెట్టిన రూలే. మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా అలాగే. ఒకసారి "నీడ" అడిగితే "దీపం" ఉన్న పాట చెప్పారు. నీడ పడాలంటే దీపం ఉండాలి కదా, ఆలోచిస్తే అది కలిసినట్టే. ఇంకోసారి "వాన" అడిగితే "గొడుగు" అన్నారు. అదీ కలిసినట్టే.

మొత్తం మీద బాగానే జరిగింది.


జూన్ 9

మధ్యాహ్నం అనౌన్సుమెంటు గదిలో రాస్తున్నాను. కొత్తగా చేరిన అమ్మాయి ఈ రోజు కొంప ముంచింది. పదకొండింటి బస్సు రాలేదు. కంట్రోలరు దగ్గర కబురు లేదు. ఆ పిల్ల కంగారుపడి మైకులో "రద్దయినది" అని చెప్పేసింది. జనమంతా తిట్టుకుంటూ ఆటోల్లో పడి వెళ్ళిపోయారు. కాసేపటికి బస్సు వచ్చింది. దారిలో టైరు పంక్చరైందట. డ్రైవరు ఖాళీ ప్లాట్‌ఫాం మీద దిగి, ఎవరూ లేరేంటండీ అని అటూ ఇటూ చూస్తుంటే నాకే సిగ్గేసింది.

ఆ పిల్లని కూర్చోబెట్టి చెప్పాను. "చూడమ్మా, రాలేదు అనేది వేరు, రాదు అనేది వేరు. బయల్దేరిందో లేదో కనుక్కో. బయల్దేరితే అది ఆలస్యం, రద్దు కాదు. ఆ ఒక్క మాటకి ఎంతమంది వెళ్ళిపోయారో చూశావా?" పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంకో సంగతి కూడా నేర్పాను. మైకులో ఖాళీ ఉండకూడదు. ఒక బస్సు చెప్పగానే ఇంకో బస్సు, అదీ అయిపోతే మళ్ళీ మొదటిది. నిశ్శబ్దంగా ఉంటే జనం బెదిరిపోతారు.


జూన్ 11

టీచరుకి ఆదివారం సంగతి చెప్పాను. నీడకి దీపం, వానకి గొడుగు కలిశాయని చెప్పాను. కిటికీ సంగతి కూడా నోరుజారి చెప్పేశాను.

ఆ కిటికీ దగ్గరే టీచరు మొహం మారింది. "ముందెప్పుడో అన్న మాటకి ఇప్పుడు చెప్పారా?"

"అవును."

"అలా అవుతుందండీ. విన్న మాట దగ్గరే ఇరుక్కుపోతారు. మనం ముందుకు వెళ్ళినా వాళ్ళు అక్కడే ఉంటారు. అది అంత మంచి లక్షణం కాదు."

నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. అప్పుడే ఎదురుగా టీచరు కూడా ఒక పాట అడిగింది, ఇంకోటి అడిగింది, ఇంకోటి అడిగింది. ఆయన గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. కావాలనే నా పరువు తీస్తున్నారా అనిపించింది. ఇలా రాయడం పాపం అని తెలుసు.

ఇరుక్కుపోయారు అంటే నా చేత్తో బయటికి లాగాలి. ముందుకు, ముందుకు. ఎక్కువ పాటలు చెప్పాలి, ఆ కిటికీ మీద మనసు నిలవకుండా చెయ్యాలి.


జూన్ 14, శనివారం

అమ్మాయి వచ్చింది. వస్తూనే నా మొహం చూసి, "నువ్వేంటమ్మా ఇలా అయిపోయావు?" అంది. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. చిన్నప్పుడు ఈ ఆటలో అది మా ఇద్దరినీ ఓడించేది. లేని పాటలు పుట్టించి చెప్పేది, అడిగితే కొత్త సినిమాలోది మీకు తెలియదు అనేది.

"నాన్నా, 'బొమ్మల పెళ్ళికి బండి కట్టారు'. చెప్పు నాన్నా. బండి. బండి పాట. పోనీ బొమ్మ. బొమ్మ పాట చెప్పు. పెళ్ళి? పెళ్ళి పాటలు ఎన్ని లేవు? నాన్నా, ఇటు చూడు."

అచ్చం నాలాగే. మా ఇంట్లో ఆడవాళ్ళకి నోరు ఆగదు.

ఆయన చూడలేదు. అమ్మాయి వంటింట్లోకొచ్చి తలుపు దగ్గరికేసి, కేంద్రం వాళ్ళు ఒక మంచం ఉంచుతామన్నారని చెప్పింది. కిటికీ పక్క మంచమేనట. చూసొచ్చిందట, శుభ్రంగా ఉందట, తోట ఉందట.

"మీ నాన్నకి తోట ఎందుకే? ఎప్పుడైనా మొక్కకి నీళ్ళు పోశారా?"

"అమ్మా, నాకు మాత్రం ఇష్టమయ్యి అంటున్నానా?"

అప్పుడు చూశాను, దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాన్ని తిట్టలేను. తిట్టకుండా ఊరుకోనూ లేను. ఇరవై ఏడు దాకా ఆ మాట ఎత్తొద్దన్నాను. సరే అంది.

అది వెళ్ళాక మా మొదటి దెబ్బలాట గుర్తొచ్చింది. నేను ఆ కొట్టుకి చీటీ ఇచ్చిన కొత్తల్లో, టేపు తెచ్చి ఇంట్లో వేస్తే పాటల వరస మొత్తం తలకిందులు. ఒంటికాలి మీద లేచి వెళ్ళి అడిగాను, నా పాటల్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మీరెవరని. ఆయన తాపీగా, "ఇంకొకసారి వినండి, తొందరపడకుండా" అన్నారు. ఇంటికెళ్ళి విన్నాను. ప్రతి పాటా తర్వాతిదాని చేయి పట్టుకుని నడుస్తోంది. మర్నాడు ఇంకో చీటీ తీసుకెళ్ళాను. ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే.


జూన్ 15

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పాను. అన్నం తినిపిస్తూ, కాళ్ళు పడుతూ, దుప్పటి మారుస్తూ. తెలిసిన పాటలన్నీ అయిపోతే రెండోసారి చెప్పాను. ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వలేదు, ఇరుక్కుపోనివ్వకూడదు కదా.

సాయంత్రం ఆయన కళ్ళు మూసుకుని మొహం గోడ వైపు తిప్పుకున్నారు. నిద్ర వచ్చి ఉంటుంది.


జూన్ 16

నిద్రే అది.


జూన్ 18, బుధవారం

గొంతు గరగరలాడుతోంది. మధ్యాహ్నం "మూడో నంబరు ప్లాట్‌ఫాం" అనబోతే మైకులోంచి ఏదో కప్ప అరిచింది. కంట్రోలరు పరుగెత్తుకొచ్చి, "ఏంటమ్మా ఇది, షెడ్డులో పాత ఇంజను నయం. ఇంట్లో కూడా మైకు పెట్టుకున్నారా?" అన్నాడు. పెట్టుకున్నానని అతనికేం తెలుసు.

కొత్తమ్మాయే సాయంత్రం దాకా చెప్పింది. ఈసారి ఒక బస్సుకి "ఆలస్యముగా నడుచుచున్నది, ప్రయాణికులు వేచి ఉండగలరు" అని చక్కగా చెప్పింది. విని సంతోషపడ్డాను.

టీచరు దగ్గర ఈ రోజూ ఏమీ లేదు. నేను కంగారు పడడం లేదు.


జూన్ 20, శుక్రవారం

అక్షరాలు ఎలా వచ్చినా సరే రాస్తాను.

నిన్నటికి గొంతు పూర్తిగా పోయింది. అమ్మాయి షాపులో డాక్టరు చూసి, నాలుగు రోజులు గుసగుస కూడా వద్దు, లేకపోతే ఉద్యోగం మర్చిపోవాల్సిందే అన్నాడు. సెలవు పెట్టాను. ఇరవై ఏడు ముంచుకొస్తుంటే నాకు గొంతు లేదు. పొద్దున ఆయన ఎదురుగా కూర్చుంటే ఏడుపొచ్చింది, ఏడుపుకి కూడా శబ్దం రాలేదు.

అయినా పట్టు వదలదల్చుకోలేదు. ఉన్న ఊపిరంతా కూడగట్టి ఒక్క పేరు అన్నాను. "వంతెన మీద వాన." తర్వాతిది అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. సరే అని ఊరుకున్నాను. ఇంకేం చెయ్యను? ఎదురుగా ఆయన ఉన్నారు, ఆయన్ని చూస్తూ కూర్చున్నాను.

ఇన్ని రోజులూ నేను ఆయన్ని చూడలేదని అప్పుడు తెలిసింది. అడగడమే తప్ప చూడలేదు.

ఎడమ చేయి కుర్చీ చేతి మీద ఉంది. చూపుడు వేలు కదులుతోంది. మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకి, మధ్యలో ఆగుతూ, ఒక్కొక్కటీ తాకుతూ. కొట్లో అర మీద క్యాసెట్ల వీపులు తడుముతూ వెతికేటప్పుడు వేలు అలాగే నడిచేది. చీటీ ఇచ్చిన వాళ్ళు విసుక్కున్నా ఆయన వేలు తొందరపడేది కాదు. ఇప్పుడు ఒట్టి చెక్క మీద అదే నడక. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు కాక తన్నుతున్నారు. తన్ని తన్ని ఆఖరికి అది స్టార్టయి వెళ్ళిపోయింది. ఇంకా వేలు నడుస్తూనే ఉంది. తర్వాత ఆగింది.

"వానలో తడిసిన వీణ."

నేను కదల్లేదు. కదిలితే చెదిరిపోతుందని భయం. కాసేపాగి, గుసగుస వద్దన్న డాక్టరుని మనసులో క్షమించమని, "గాజుల బేరం ఇదిగో" అన్నాను. మళ్ళీ ఊరుకున్నాను. మళ్ళీ వేలు బయల్దేరింది. అర ఈ చివర నుంచి ఆ చివరకి.

"బేరం కుదిరింది బావయ్యా."

ఇరుక్కుపోలేదు. ఎక్కడా ఇరుక్కుపోలేదు! వస్తున్నారు. ఆలస్యంగా వస్తున్నారు. నేను కిటికీ పాట అడిగిన రోజు ఆయన బయల్దేరారు, దారిలో ఉన్నారు. ఆయన వచ్చేలోపు గుర్రం, వంతెన, దీపం అంటూ ప్లాట్‌ఫాం మార్చేశాను. పాపం మనిషి కిటికీ పట్టుకుని వచ్చి నిలబడితే చెల్లదన్నాను. నీడకి దీపం, వానకి గొడుగు అని నేను అబద్ధపు ముడులు వేసుకున్నాను కానీ ఆ దీపం దీపానికే, ఆ గొడుగు అంతకు ముందు నేనన్న గొడుగుకే. మొదటి రోజు చొక్కా కూడా అంతే. క్లిప్పుల్నీ పావురాల్నీ తిడుతూ నాకు తెలియకుండానే ఆయనకి టైమిచ్చాను, అంతే.

పనిగట్టుకుని మరీ కొత్తపిల్లకి పాఠం చెప్పాను, రాలేదు వేరు, రాదు వేరు అని. ఇంట్లో ఆలస్యమైన బండిని రోజూ రద్దు చేస్తున్నది నేను.

ఆ గోడ వైపు తిరగడం నిద్ర కాదు. నాకు తెలుసు. అప్పుడే తెలుసు.

దగ్గరికెళ్ళి ఆయన తల నా కడుపుకి ఆనించుకున్నాను. చాలాసేపు అలాగే ఉన్నాను. ఈసారి నేనేమీ అడగలేదు.


జూన్ 22, ఆదివారం

నోరు మూసుకోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. గొంతు లేదు కాబట్టి బతికిపోతున్నాను. పాట పేరు ఒకటి అనగానే నా లోపల ఇంకో పది క్యూ కడతాయి. అందుకని చేతులకు పని పెట్టుకున్నాను. చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఒక పాటకి గుప్పెడు చిక్కుళ్ళు. ఒక్కోసారి రెండు గుప్పెళ్ళు. ఒకసారి చిక్కుళ్ళన్నీ అయిపోయాయి కానీ జవాబు వచ్చింది.

సాయంత్రం అమ్మాయికి చూపించాను. ముందే కాగితం మీద రాసిచ్చాను, అడిగాక నోరు విప్పితే తంతాను అని. నవ్వుతూ కూర్చుంది. "నాన్నా, 'ఎర్ర రిబ్బను ఎవరిదే'" అంది. అని ఊరుకుంది. ఊరుకున్నదల్లా ఊరుకోలేక "నాన్నా" అనబోయింది, తొడ మీద గిల్లాను. కెవ్వుమనబోయి చేత్తో నోరు మూసుకుంది.

వేలు నడిచింది. అది చూసిందో లేదో అనుకుని చూపించాను. చూసింది. దాని నవ్వు ఆగిపోయింది.

"రిబ్బను కట్టిన రెండు జడలు" అన్నారు ఆయన. అని, అమ్మాయి జుట్టు వైపు చూశారు. ఎప్పుడో కత్తిరించేసుకుంది అది. చిన్నప్పుడు దానికి జడలు వేసింది ఆయనే, నాకు పొద్దుటి డ్యూటీ ఉండేది.

అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళింది. పంపు తిప్పిన చప్పుడైంది. తిరిగి వచ్చాక, "కేంద్రం వాళ్ళకి ఫోను చేసి ఆ మంచం వద్దని చెప్పేదా?" అంది.

వద్దని తల ఊపాను. కాగితం మీద రాశాను: శుక్రవారం తేలనీ. ఆ టీచరూ ఆ డాక్టరమ్మా ఒప్పుకోవాలి. పాఠాలు ఆగితే ఈ పాట పేర్ల దగ్గరే ఉండిపోతారు. నాకు ఆయన మాటలు కావాలి. ఉప్పు ఎక్కువైందని తిట్టాలి.


జూన్ 25

టీచరు సెలవులో ఉందట. బదులు వచ్చినామె తొందరమనిషి. చెప్పే వీలే చిక్కలేదు.


జూన్ 26

రేపు నోరు మూసుకుని ఉండాలి. అవసరమైన చోట మాత్రం తెరవాలి. ఏది ఎప్పుడో నాకు తెలియాలి.


జూన్ 27, శుక్రవారం

పెద్ద డాక్టరమ్మది చిన్న గది. బల్ల, దాని మీద బొమ్మల అట్టలు, ఫైళ్ళ దొంతర. బయట బెంచీ నిండా జనం. ఆమె తప్పేం లేదు, ఎవరైనా తొందరపడతారు. టీచరు వచ్చింది, గోడ పక్కన నిలబడింది. నేనూ అమ్మాయీ వెనక కుర్చీల్లో.

డాక్టరమ్మ నాలుగు బొమ్మలు పరిచింది. దీపం, పిల్లి, తాళంచెవి, గొడుగు.

"దీపం చూపించండి." ఆగింది. ఆమె లెక్కలో అది ఆగడమే. "పోనీ, పిల్లి ఏది?" మళ్ళీ ఆగింది. "తాళంచెవి?"

అప్పుడు ఆయన ఎడమ చేయి లేచి దీపం మీద పడింది.

డాక్టరమ్మ ఫైలులో ఏదో రాయబోయింది. నేను లేచాను. గొంతు సగమే వచ్చింది, ఆ సగంతోనే అన్నాను. "డాక్టరమ్మా, ఒక్క నిమిషం. దీపం చూపించారు."

"నేను తాళంచెవి అడిగానమ్మా."

"ముందు దీపం అడిగారు. దానికే చెప్పారు. ఆయన వస్తారండీ, ఆలస్యంగా వస్తారు. దయచేసి రద్దు చేయకండి."

రద్దు అన్న మాటకి ఆమె కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది. పొమ్మంటుందేమో అనుకున్నాను. అమ్మాయి నా కొంగు పట్టుకుంది. టీచరు గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకొచ్చింది. "మేడమ్, పాత మాట దగ్గర ఇరుక్కుపోయారని నేనే రాశాను. అది తప్పేమో. ఒకటే అడిగి ఆగుదామా?" ఆ పిల్ల నోటికి దండం పెట్టాలి.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "గొడుగు" అంది.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరి పేరో పిలిచారు. డాక్టరమ్మ పెదవులు విచ్చుకున్నాయి, ఇంకో మాట రాబోతోందని నాకు తెలుసు, ఆ రాబోయే మాట ఎలా ఉంటుందో ఈ ప్రపంచంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అరచేయి ఎత్తి ఆగమన్నట్టు పట్టాను. అంత పెద్ద డాక్టరుకి. ఆమె ఆగింది. బల్ల అంచు మీద ఆయన వేలు బయల్దేరింది. మెల్లగా, ఆగి ఆగి. నా లోపల మైకు మొత్తుకుంటోంది, చెప్పండి చెప్పండి అని. పళ్ళు బిగించాను.

వేలు గొడుగు మీద ఆగింది.

తర్వాత పిల్లి. తర్వాత తాళంచెవి. ప్రతిదానికీ ఆమె ఆగింది. మూడోసారి నేను చేయి ఎత్తక్కర్లేకపోయింది.

"టీచరు ఫైలులో రాసిన ఆ పాటల ఆట ఏంటో నాకూ చూపించండి" అంది. నేను చెప్పబోయి, మీరే అడగండి అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, కొంచెం సిగ్గుపడి, "నది ఒడ్డున నా పడవ" అంది. వాళ్ళమ్మ పాడేదట.

అందరం ఆగాం. బెంచీ మీద జనం కూడా ఆగినట్టే అనిపించింది.

"పడవ తాడు విప్పింది ఎవరు?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఫైలు దగ్గరికి లాక్కుని రాసింది. పాఠాలు కొనసాగించాలి. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఆగాలి. రెండో వాక్యం కింద గీత గీసి టీచరుకి చూపించింది, ఆ తర్వాత నాకూ చూపించింది. నాకెందుకు చూపించిందో నాకు అర్థమైంది.

బయటికొచ్చాక అమ్మాయి కేంద్రానికి ఫోను చేసింది. "ఆ మంచం వేరేవాళ్ళకి ఇచ్చేయండి. మా నాన్న ఇంట్లోనే ఉంటారు" అంది. అని నన్ను పట్టుకుని నడిరోడ్డు మీద భోరుమంది. నేనూ తక్కువ తినలేదు. ఆయన చక్రాల కుర్చీలోంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.


జూన్ 29, ఆదివారం

బట్టలు ఆరేస్తున్నాను. నోరు మూసుకునే ఆరేస్తున్నాను, కొత్త అలవాటు. పావురాలు కూడా ఆశ్చర్యపోయి ఉంటాయి. ఆ గళ్ళ చొక్కాకి క్లిప్పు పెడుతుంటే కిటికీలోంచి గొంతు వచ్చింది. నేనేమీ అడగలేదు. ఇన్నాళ్ళలో ఆయన తనంతట తాను మొదలుపెట్టడం ఇదే.

"నువ్వే నేనంట నేనే మనసంట."

క్లిప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తర్వాత ఒళ్ళు మండింది. లోపలికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, ఉన్న గొంతుతోనే అరిచాను.

"చెల్లదు! అన్నీ చెల్లని మాటలే! మీరే కదండీ దాని తర్వాత ఏ పాటా రాదన్నారు? ఇంత అన్యాయమా?"

మూతి ఒక పక్కకే నవ్వింది. రెండో పక్క ఇంకా రావాలి, అదీ వస్తుంది. ఎడమ చేయి మెల్లగా లేచింది. అరచేయి నా వైపు తిప్పి పట్టారు, ఆసుపత్రిలో నేను పట్టినట్టే. ఆగమని కాదు. నువ్వు ఆలోచించుకో, నేను ఆగుతాను అని.

అప్పుడు ఈ డైరీ తీసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. బకెట్లో సగం బట్టలు అలాగే ఉన్నాయి. దానికి కలిసే పాట లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన మాత్రం నా మొహం చూస్తూ కూర్చున్నారు, ఏ తొందరా లేకుండా.

వెతుకుతున్నాను.